కొండను ఇంటి దగ్గర చూడండి, బొమ్మను బడిలో వెయ్యండి

పిల్లలూ! ముందుగా ఒక చిన్న పరీక్ష. ఒక కాగితం, పెన్సిలు తీసుకుని, ఎక్కువగా ఆలోచించకుండా ఒక పల్లెటూరి దృశ్యం గియ్యండి. అయిందా? మీ బొమ్మలో ఏమేమి ఉన్నాయో నేను చూడకుండానే చెబుతాను. మూడు మూలల బిళ్ళల్లాంటి రెండు కొండలు. వాటి మధ్య నుంచి సగం పైకి వచ్చిన సూర్యుడు, ఆయన చుట్టూ గీతలు. కొండల సందులోంచి వంకర తిరుగుతూ వచ్చే నది. నదికి ఒక పక్క పూరిల్లు, ఇంకో పక్క వంగిన కొబ్బరిచెట్టు. ఆకాశంలో మాస్టారు పెట్టే టిక్కు గుర్తుల్లాంటి నాలుగు పక్షులు. అవునా?

నాకు మంత్రాలేమీ రావు. శ్రీకాకుళంలో అడిగినా, నిజామాబాదులో అడిగినా, బెంగుళూరులో ఉండే తెలుగు పిల్లలను అడిగినా చాలామంది ఈ బొమ్మే వేస్తారు. శాంతిపురం పిల్లలూ ఇదే వేస్తారు. నాకు ఆశ్చర్యంగా ఉండేది అదే. ఎందుకంటే శాంతిపురంలో నిలబడి చుట్టూ చూస్తే ఈ బొమ్మ ఎక్కడా కనిపించదు!

శాంతిపురం చిత్తూరు జిల్లాలో కుప్పానికి దగ్గరగా ఉన్నది. కొంత దూరం పోతే ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం, ఈ సీమంతా ఎత్తయిన మిట్టనేల. ఇక్కడి కొండలు మూడు మూలల బిళ్ళల్లాగా ఉండవు. ఎవరో పెద్దరాక్షసుడు గుండ్రాళ్ళు ఏరి ఒకదానిమీద ఒకటి పేర్చి, పని సగంలో వదిలి వెళ్ళిపోయినట్టు ఉంటాయి. ఆ రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. మన భూమికే సుమారు 450 కోట్ల ఏళ్ళు కదా, అందులో సగానికి పైగా చూసిన రాయి అది! ఎండకు, వానకు దాని పైపొరలు ఉల్లిపొరల్లాగా ఊడిపోతూ రావటం చేతనే మూలలు అరిగి గుండ్రనైంది.

ఇక నది. కుప్పం ప్రాంతం గుండా పోయే నది పాలారు. అందులో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది. నీళ్ళు చూడాలంటే చెరువు కట్ట ఎక్కాలి. చుట్టూ ఎర్రమన్ను, రాగిచేలు, శెనక్కాయ చేలు, మల్బరీ తోటలు, కట్టెలు పాతి కట్టిన టమాటా సాళ్ళు, రాతి కూసాల కంచెలు, రోడ్డు పక్క చింతమాకులు. ఎంత బాగుంటుందో! అయినా ఇవేవీ ఆ పిల్లల బొమ్మలోకి రావు. వాళ్ళు చూసి వెయ్యటం లేదు. ఎవరో వేసినదాన్ని గుర్తు పెట్టుకుని వేస్తున్నారు.

ఇందులో పిల్లల తప్పు లేదు. డ్రాయింగు పీరియడు ఎలా జరుగుతుందో ఆలోచించండి. మాస్టారు నల్లబల్ల మీద కొండ వేస్తారు. నలభైమంది దానిని చూసి వేస్తారు. బల్ల మీద ఒక కొండ ఉంటే నలభై కాగితాల మీదా ఆ కొండే ఉంటుంది. గంట కొడతారు. "రంగులు ఇంటి దగ్గర వేసుకు రండి" అంటారు మాస్టారు. ఇంటి దగ్గర ఆకాశపు రంగు కొండలోకి కారుతుంది, కొండ రంగు ఇంట్లోకి కారుతుంది. అడగటానికి ఎవరూ ఉండరు. పాపం, అన్నయ్య వచ్చి బొమ్మ పూర్తి చేస్తాడు.

దీనినంతా తలకిందులు చేస్తే?

ఆ పని వేరే పాఠంలో చేసినవారు ఉన్నారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో, కొండల మధ్య, ఉడ్లాండ్ పార్క్ అనే చిన్న ఊరున్నది. అక్కడి హైస్కూలులో జోనథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ అనే ఇద్దరు రసాయనశాస్త్రం చెప్పేవారు. పిల్లలు ఆటల పోటీలకని దూరపు ఊళ్ళకు వెళ్ళి పాఠాలు పోగొట్టుకుంటూ ఉంటే, వారిద్దరూ 2007లో తమ పాఠాలను వీడియోలుగా తీసి ఇవ్వసాగారు. అప్పుడు వారికొక సంగతి తోచింది. పాఠం వినేటప్పుడు మాస్టారు పక్కన ఉండనక్కరలేదు. లెక్క చేస్తూ చేస్తూ చిక్కుపడ్డప్పుడే ఆయన కావాలి. కాని ఆ చిక్కు వచ్చేది రాత్రి, ఇంటి దగ్గర! అందుచేత వారు పాఠాన్ని ఇంటికి పంపి, ఇంటిపనిని బడికి తెచ్చారు. దీనికి "ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్" అని పేరు వచ్చింది. మనం "తిరగేసిన తరగతి" అనుకుందాం.

నన్నడిగితే, ఈ పద్ధతి రసాయనశాస్త్రం కన్నా బొమ్మలు వెయ్యటానికే ఎక్కువ నప్పుతుంది. కొండ బడిలోకి రాదు. అది మీ ఇంటి దగ్గరే ఉన్నది. అది అందంగా కనిపించే వేళ సాయంకాలం. అప్పటికి బడి వదిలేస్తారు. మరి నీటిరంగుల సంగతో? కాగితం మీద రంగు తడిగా ఉండేది కొద్ది నిమిషాలే. ఏం చేసినా అప్పుడే చెయ్యాలి. అన్నం మాడుతూ ఉండగా చెప్పే మాటకు విలువ గాని, మాడిన మర్నాడు చెప్పి ఏం లాభం? కనుక కుంచె చేతిలో ఉన్నప్పుడే మాస్టారు మీ పక్కన ఉండాలి.

ఇటువంటి పని వీడియోలు పుట్టకముందే చేసిన గురువొకాయన ఉన్నాడు. పారిస్ నగరంలో ఒరాస్ లెకోక్ అని ఒక డ్రాయింగు మాస్టారు. (ఆయన పూర్తి పేరు ఇంకా చాలా పొడుగు, మనకు అక్కరలేదు.) శిష్యులు వస్తువును బాగా చూసి, అది ఎదుట లేనప్పుడు జ్ఞాపకంతో గియ్యాలని ఆయన నియమం. మొదట చాలా తేలికైనవి ఇచ్చి, తరువాత కష్టమైనవి ఇచ్చేవాడు. ఈ పద్ధతి మీద 1848లో ఒక పుస్తకం కూడా వేశాడు. శిల్పాలు చెక్కటంలో లోకమంతా పేరు పొందిన రోడాఁ చిన్నతనంలో ఆయన దగ్గర నేర్చుకున్నవాడే.

విస్లర్ అనే చిత్రకారుడి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఆయన లండనులో థేమ్స్ నదిని రాత్రివేళ చిత్రించేవాడు. చీకట్లో రంగులు కనపడవు కదా! అందుకని నది ఒడ్డున నిలబడి బాగా చూసి, వెనక్కి తిరిగి, కనిపించినదంతా పక్కనున్న స్నేహితుడికి పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాడు: ఆకాశం ఇలా ఉన్నది, దీపాలు ఇన్ని, నీళ్ళ మీద వెలుగు ఇక్కడ... ఎక్కడైనా తప్పితే మళ్ళీ తిరిగి చూసేవాడు. అంతా సరిపోతే ఇంటికి వెళ్ళి పడుకునేవాడు. బొమ్మ మర్నాడు!

ఇది మీకు మంచి ఆట. ఈ నెల మీరు చెయ్యవలసినది కూడా ఇదే. మూడు సాయంకాలాలు చాలు. కాగితం, రంగులు ముట్టుకోవద్దు.

మొదటి సాయంకాలం మిద్దె మీద గాని, మీ వీధి చివర గాని నిలబడి కొండల కేసి చూడండి. అడవి అంచు ఊళ్ళలోని పిల్లలు చీకటిపడే వేళ ఊరు దాటి పోవద్దు. కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం ఉన్నది. అక్కడి ఏనుగులు చేలలోకి వస్తూ ఉంటాయని మీకు నేను చెప్పాలా? మిద్దె మీద నుంచి చూసినా కొండ కొండే. ఎన్ని వరసల కొండలున్నాయి? అన్నిటికన్నా ముదురు రంగు ఏ వరసది? అన్నిటికన్నా లేత రంగు ఏ వరసది? ఆకాశం ఎక్కడిదాకా వచ్చి ఆగింది?

చివరి ప్రశ్న వెర్రి ప్రశ్నలా ఉన్నదా? అయితే మీరు రెండో తరగతిలో వేసిన బొమ్మ తీసి చూసుకోండి. కాగితం పైన నీలం పట్టీ, కింద పచ్చ పట్టీ, మధ్య అంతా తెల్లగా ఖాళీ! నిజానికి ఆకాశం దిగివచ్చి కొండకు తగులుతుంది. పైన ముదురు నీలంగా ఉండి, దిగేకొద్దీ లేతబడి, కొండ దగ్గర దాదాపు తెల్లగా ఉంటుంది.

ఇక వరసల సంగతి. దగ్గరి గుట్ట మీద ప్రతి బండా, ప్రతి పొదా వేరువేరుగా కనిపిస్తుంది. గోధుమ, ఆకుపచ్చ, నలుపు అన్నీ ఉంటాయి. దాని వెనకది కొంచెం బూడిద నీలం. ఆ వెనకది ఇంకా లేత నీలం. చివరిది పొగలాగా ఉంటుంది. "దూరపు కొండలు నునుపు" అన్న సామెత పెద్దలు వేరే అర్థంతో వాడతారు గాని, చిత్రకారుడికి అది అక్షరాలా పనికివచ్చే పాఠం. దూరం పోయేకొద్దీ గరుకు పోతుంది, నలుపు పోతుంది, నీలం మిగులుతుంది.

ఎందుకలా? దగ్గరికి వెళ్తే ఆ కొండ కూడా ఎర్రమన్నూ, రాళ్ళూనే! సంగతేమిటంటే మీకూ కొండకూ మధ్య గాలి ఉన్నది. సూర్యుడి తెల్లని వెలుగులో అన్ని రంగులూ ఉన్నాయి. గాలిలోని అణువులు వాటిలో నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. ఎరుపు కన్నా నాలుగు రెట్లకు పైగా. ఇంగ్లండులో లార్డ్ రేలే అనే శాస్త్రజ్ఞుడు 1871లో దీనికి లెక్క కట్టాడు. ఆకాశం నీలంగా ఉండటానికి కారణం ఇదే. దూరపు కొండ నీలంగా ఉండటానికీ ఇదే. మీకూ కొండకూ మధ్య ఉన్న గాలి కూడా ఒక ముక్క ఆకాశమే అన్నమాట! మధ్యలో గాలి ఎంత ఎక్కువ ఉంటే కొండ మీద అంత నీలపు పొర. మదనపల్లె పిల్లలు హార్సిలీ కొండ ఎక్కి చుట్టూ చూస్తే ఈ పొరలు ఒకదాని వెనక ఒకటి లెక్కపెట్టుకోవచ్చు. ఆ కొండ ఎత్తు 1,200 మీటర్లు దాటుతుంది.

రెండో సాయంకాలం ఒక అట్టముక్క మధ్యలో అగ్గిపెట్టెంత కిటికీ కోసి తీసుకువెళ్ళండి. ఒక కన్ను మూసి కిటికీలోంచి చూడండి. లోకమంతా బొమ్మలో పట్టదు. కిటికీలో పట్టినంతే మీ బొమ్మ. కిటికీని కొంచెం ఎత్తితే ఆకాశం ఎక్కువవుతుంది, దించితే చేను ఎక్కువవుతుంది. మీకు ఏది బాగుంటే అది. ఎన్నుకున్నాక విస్లర్ ఆట ఆడండి. వెనక్కి తిరిగి అవ్వకో, చెల్లాయికో అప్పజెప్పండి. "ఎడమ పక్క చింతమాను, దాని నీడ నా వైపు పడింది, వెనక రెండు గుట్టలు, పెద్దదాని నెత్తిన ఒక బండ కోడిగుడ్డులాగా నిలబడి ఉన్నది..." అవ్వ చూస్తూ తప్పులు పట్టుకోవాలి. అవ్వలకు ఈ పని బాగా వచ్చు! మేకలు కాచే పిల్లలూ ఈ ఆటలో తేలికగా గెలుస్తారు. ఏ బండ పక్కన ఏ పొద ఉన్నదో వాళ్ళకు తెలిసినట్టు మనకు తెలియదు.

మూడో సాయంకాలం మళ్ళీ అదే చోట నిలబడి, నిన్నటికీ ఇవాళ్టికీ ఏమి మారిందో చూసి, నాలుగు వాక్యాలు రాసుకోండి. వీలైతే పొద్దున కూడా ఒకసారి చూడండి. నీడలు ఎటు తిరిగాయో చూస్తే మీకే నవ్వు వస్తుంది.

ఇక తరగతి. మాస్టారు బల్ల మీద కొండ వెయ్యరు. మొదటి అయిదు నిమిషాలు ఇద్దరిద్దరు కూచుని తాము చూసినది ఒకరికొకరు చెప్పుకుంటారు. చూడకుండా వచ్చినవాడు ఇక్కడే దొరికిపోతాడు. వాడిని తిట్టనక్కరలేదు, కిటికీలోంచి కనిపించే వేపమానును చూసి రమ్మంటే సరి. ఆ తరువాత గీతలు, రంగులు. ముందు కాగితం తడిపి, పై నుంచి కిందికి ఆకాశం. పైన రంగు ఎక్కువ, కిందికి వచ్చేకొద్దీ నీళ్ళు ఎక్కువ. అది ఆరిన తరువాత అన్నిటికన్నా దూరపు కొండ, చాలా పలచగా. అది ఆరాక దాని ముందు వరస, కొంచెం చిక్కగా. చివరకు దగ్గరి బండలు, చెట్లు, మంచి చిక్కని రంగుతో. దూరం నుంచి దగ్గరికి రావాలి, పలచన నుంచి చిక్కదనానికి రావాలి. ఆరేదాకా ఆగటమే ఇందులో కష్టం. మాస్టారు తిరుగుతూ ఉంటారు. ఆరకముందే కుంచె పెట్టబోయే చెయ్యి కనపడితే అప్పుడే పట్టుకుంటారు. నలభై నిమిషాలలో పూర్తి కాకపోతే మళ్ళీ పీరియడుకు పూర్తవుతుంది. ఇంటికి మాత్రం పోదు.

పిల్లలను చేను గట్టుకే తీసుకువెళ్ళి అక్కడే వేయించకూడదా అని మాస్టార్లు అడగవచ్చు. తప్పకుండా తీసుకువెళ్ళండి, వీలైతే అంతకు మించినది లేదు. కాని నలభైమందినీ, నలభై నీళ్ళ గిన్నెలనూ గాలిలో కాపాడటం ఏడాదికి ఎన్నిసార్లు సాధ్యం? చూపు మాత్రం ప్రతి సాయంకాలం సాధ్యమే. రంగు పూసే పద్ధతిని మూడు నిమిషాల వీడియోగా తీసి ఇళ్ళకు పంపటం మంచిదే. అయితే ఫోను లేని ఇల్లు, నాన్న పనికి పోతూ ఫోను తీసుకుపోయిన ఇల్లు ప్రతి తరగతిలోనూ ఉంటుంది. వాళ్ళకు అదే సంగతి ఒక అట్ట మీద బొమ్మలతో రాసి ఇవ్వాలి. అట్టల మీద పాఠాలు ఈ సీమకు కొత్తవి కావు. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీవారు చుట్టుపక్కల పల్లెల్లో నడిపే చిన్న బడులలో పిల్లలు మెట్టు తరువాత మెట్టుగా పాఠాల అట్టలు తీసుకుని తమంతట తామే నేర్చుకుంటారు. మాస్టారు ఎవరు చిక్కుపడితే వారి దగ్గర కూచుంటారు. ఈ పద్ధతిని చూసే 1995లో మైసూరు జిల్లాలో "నలి కలి" అనే బడులు మొదలుపెట్టారు. కొండ వీడియో మాత్రం ఎవరికీ పంపనక్కరలేదు. అది ఫోను లేని ఇంటి ముందు కూడా ఉన్నది.

అమ్మానాన్నలకు ఒక మాట. మీ బిడ్డ పొద్దుగూకేవేళ మిద్దె మీద ఊరికే నిలబడి ఉంటే "చదువుకోకుండా ఏం చేస్తున్నావు?" అని కిందికి పిలవకండి. చదువు అక్కడే జరుగుతున్నది. బొమ్మను మీరు దిద్దకండి. ఏడెనిమిదేళ్ళ బిడ్డ ఆకాశాన్ని పైన పట్టీలాగా వేస్తే అది వయస్సుకు తగినదే. పిల్లల బొమ్మలను పరిశీలించిన లోవెన్‌ఫెల్డ్ అనే పండితుడు 1947లో వేసిన పుస్తకంలో ఇటువంటి మెట్లను వివరించాడు. బిడ్డను తరిమి మెట్టెక్కించలేము. "ఆకాశం ఎక్కడిదాకా వచ్చిందో ఇవాళ చూశావా?" అని అడిగి ఊరుకోండి.

ఇంకొక మాట కూడా ఉన్నది. చిత్తూరు సీమ గ్రానైటుకు పేరు. గుట్టలను కోసి పలకలుగా లారీల మీద పంపుతున్నారు. ఇవాళ మీ మిద్దె మీద నుంచి కనిపించే బండ పదేళ్ళ తరువాత అక్కడ ఉంటుందో ఉండదో! అందుచేత పిల్లలూ, బొమ్మ వెనక మీ ఊరి పేరు, కొండ పేరు, తేదీ, ఎక్కడ నిలబడి చూశారో తప్పకుండా రాయండి. కొండ పేరు తెలియకపోతే తాతను అడగండి. ప్రతి గుట్టకూ ఒక పేరుంటుంది.

మన దేశంలోనే ఇలా తన ఊరిని చూసినవాడు దామెర్ల రామారావు. 1897లో పుట్టాడు. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆయన చేతిలోని విద్యను గుర్తించి ప్రోత్సహించాడు. రామారావు బొంబాయి వెళ్ళి చదువుకున్నాడు. తిరిగివచ్చి గోదావరిని నీటిరంగుల్లో వేశాడు. 28 ఏళ్ళు నిండకుండానే 1925లో మశూచితో పోయాడు. ఆయన వేసిన బొమ్మలు రాజమహేంద్రవరంలోని ఆయన పేరిటి చిత్రశాలలో ఉన్నాయి. ఆ ఊరు వెళ్ళినప్పుడు చూడండి. అందులోని గోదావరి అచ్చంగా గోదావరే.

రంగులపెట్టె లేదని ఎవరూ దిగులుపడవద్దు. మీ కాళ్ళ కింద ఒక రంగు ఉన్నది. ఎర్రమన్నును నీళ్ళలో కలిపి, గుడ్డలో వడబోసి, పేరుకున్న మెత్తటి మన్నుకు తుమ్మబంక నీళ్ళు కలపండి. అంగడిలో కొనే నీటిరంగులు కూడా రంగుపొడి, తుమ్మజాతి చెట్ల బంక కలిపి చేసేవే. మన మన్నుకు ఎరుపు ఇచ్చేది ఇనుము. చిత్రకారులు వాడే ఎర్రటి మట్టిరంగులలోనూ ఉండేది అదే. శాంతిపురం చేనుకు శాంతిపురం మన్నే రంగు వేస్తే ఎవరు కాదంటారు?

వచ్చే నెలకు ఒక ప్రశ్న. చెరువు నీళ్ళలో కనిపించే చెట్టు, గట్టు మీద ఉన్న చెట్టు కన్నా ముదురుగా ఉంటుందా, లేతగా ఉంటుందా? పెద్దవాళ్ళు తోడు లేకుండా చెరువుకు పోవద్దు. చెరువు ఎండి ఉంటే పెరట్లో తొట్టి నిండా నీళ్ళు పోసి, అందులో పడే వేపమాను నీడను చూడండి. చూసినది మాటల్లో రాసిపెట్టుకోండి. బొమ్మ మాత్రం అప్పుడే వెయ్యకండి.